నీలం చుక్క

పదకొండున్నరకి మా బావకి పైవరస ముందు పళ్ళు రెండూ పీకేస్తారు. పదకొండుకి నేను ల్యాబ్‌లో ఫ్రిజ్ తెరిచాను.

బావ ఆర్కెస్ట్రాలో క్లారినెట్ వాయిస్తాడు. దాని మొన ఆనేది సరిగ్గా ఆ రెండు పళ్ళ కిందే. అవి పోతే కట్టుడు పళ్ళతో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆర్కెస్ట్రా అన్నాళ్ళు ఆగదు.

చిగుళ్ళ అంచున ఊరే నీటిలో పెప్టైడ్లనే చిన్న ప్రొటీన్ ముక్కలుంటాయి. సూక్ష్మజీవుల పైపొరకు చిల్లు పొడిచి చంపుతాయి. పుట్టుకతో వచ్చిన కాపలా అది. పంటికీ చిగుళ్ళకీ మధ్య సన్నని కాగితం దూర్చి, ఆ నీరు పీల్చి, కాపలా ఎంతుందో కొలవడం ఈ దంత ఆసుపత్రిలో నా పని.

బావకి సున్నా వచ్చింది. రిపోర్టు మీద సంతకం నాదే.

"చిగుళ్ళకి పోరాడే శక్తే లేదు. శుభ్రం చేసినా లాభం లేదు, తీసేద్దాం" అంది డాక్టరు.

ఎంత పాడైన నోటిలోనైనా కాస్తో కూస్తో ఉంటుంది. సున్నా నాకు మింగుడు పడలేదు. ఫ్రిజ్‌లో నమూనా గొట్టాలన్నీ లేత నీలంగా ఉన్నాయి. బావది మంచినీళ్ళలా ఉంది.

కాగితంతో పాటు సూక్ష్మజీవుల ఎంజైములూ గొట్టంలోకి వస్తాయి. ముందే నీలం మందు చుక్క వేసి వాటి నోరు కట్టకపోతే, పెప్టైడ్లను గొట్టంలోనే నమిలేస్తాయి. మొన్న నేను మూత తీస్తుంటే బావ, "పెళ్ళిచూపుల్లోనే మీ అక్క నా పళ్ళు లెక్కపెట్టుకోవాల్సింది" అన్నాడు. నవ్వుల్లో చుక్క మరిచాను.

రెండంతస్తులు పరుగెత్తాను. డాక్టరు చేతిలో మత్తు సూది ఉంది.

"ఆపండి మేడమ్! రిపోర్టు తప్పు."

"ఎవరి తప్పు?"

"నాదే. చుక్క వేయలేదు."

"రాసిస్తావా?"

ఉద్యోగం కళ్ళ ముందు మెదిలింది. "ఇస్తాను."

"ఓసి నీ దుంప తెగ! పళ్ళు పీకించేదానివి కదే" అన్నాడు బావ కుర్చీలోంచే.

ఈసారి డాక్టరు చూస్తుండగా ముందు చుక్క వేశాను. "నోరు మూసుకో బావా!"

"మూసుకుంటే కాగితం ఎలా పెడతావే?"

రెండు గంటలకి ఫలితం వచ్చింది. ఆరోగ్యవంతుల్లో ఉండేదానిలో సగం. డాక్టరు ఎక్స్‌రే మళ్ళీ చూసింది.

"ఎడమదానికి ఎముక బాగా తగ్గింది, మాట ఇవ్వలేను. లోతుగా శుభ్రం చేసి మూడు నెలలు చూద్దాం."

"ఈలోగా వాయించచ్చా?"

"మెల్లగా."

నాకు హెచ్చరిక పత్రం వచ్చింది. ఉద్యోగం మిగిలింది. మూడో నెలకి కుడి పన్ను గట్టిపడింది, ఎడమది తీయక తప్పలేదు. బావ మొనను కాస్త కుడికి జరిపి వాయిస్తున్నాడు. పై స్వరం ఒకటి ఇంకా కుదరడం లేదు. వినేవాళ్ళకి తెలియదంటాడు. అక్క మాత్రం అది వచ్చిన ప్రతిసారీ వంటింట్లోంచి, "ఊఁ, మళ్ళీ!" అంటోంది.