కారు నడిపిందెవరు

ఆ మంగళవారం ఫ్లైఓవర్ కింద యూటర్న్ దాకా వెళ్లడానికి ఓపిక లేక రాంగ్ సైడ్‌లో కారు తోలింది లోహిత్. కెమెరా ఫోటో తీసింది. ఇదివరకైతే జరిమానా కడితే సరిపోయేది. ఇప్పుడు రూల్ మారింది. కారు నడిపిందెవరో యజమాని రాసివ్వాలి. ఆ మనిషే స్టేషన్‌కు వచ్చి లైసెన్స్ అప్పజెప్పాలి. మూడు నెలలు స్టీరింగ్ ముట్టరాదు.

లోహిత్ తన డ్రైవర్ నర్సింహ పేరు రాశాడు. రాశాకే ఆ సంగతి అతనికి చెప్పాడు.

"ఆ రోజు నేను లేను గద సార్. మా ఆమెను దవాఖానకు తీస్కపోయిన."

"తెలుసు నర్సింహా. కానీ నేను మన అపార్ట్‌మెంట్ సేఫ్టీ కమిటీలో ఉన్నాను. నా లైసెన్స్ పోయిందని తెలిస్తే పరువుంటుందా? నీకేముంది, మూడు నెలలు ఇంట్లో కూర్చో. తర్వాత పని ఎక్కడికీ పోదు. ఇంటి మనిషివనే కదా నీ పేరు రాశాను."

ఇంటి మనిషి ఆ ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్లింది గ్యాస్ సిలిండర్ మోసిన రోజుల్లోనే.

బోరబండలోని ఇంట్లో నర్సింహ భార్య భాగ్యమ్మ ఈ మాట విని చేతిలోని చాట పక్కన పెట్టింది.

"ఆయన తిన్న ఇస్తరాకు నువ్వెత్తుతవా?"

"ఎత్తకుంటే పని పోతది."

"ఎత్తినా పోతది, చూడు."

స్టేషన్‌లో ఎస్సై రామచంద్రం కంప్యూటర్ తెరను నర్సింహ వైపు తిప్పాడు. ఫోటోలో స్టీరింగ్ ముందున్న మనిషికి మీసం లేదు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది.

"ఇది నువ్వేనా?"

"నేనే సార్."

"మీసం ఎప్పుడు పెంచినవ్?"

"మొన్ననే సార్."

"వారంల గింత మీసమా! ఏం తింటున్నవ్ రా? మాకూ చెప్పు జర," అని పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై కూడా నవ్వాడు. "ఓనర్ రాసిచ్చిండు. నువ్వు ఒప్పుకున్నవ్. ఇగ నాకేంది ఫికర్?" అని లైసెన్స్ కార్డు తీసుకుని సొరుగులో వేశాడు.

నర్సింహ నోట్లో చేదు ఊరింది. బయటికొచ్చి టీ తాగాడు. అదీ చేదుగానే ఉంది.

మూడో రోజు లోహిత్ ఫోన్ చేసి రమ్మన్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి నర్సింహను ఆపాడు. లోహిత్ లోపలి నుంచి నడుచుకుంటూ వచ్చాడు.

"కమిటీ రూల్ నర్సింహా. లైసెన్స్ సస్పెండైన డ్రైవర్‌ని లోపలికి రానివ్వకూడదు. ఇక్కడ చిన్నపిల్లలు తిరుగుతుంటారు కదా."

"లైసెన్స్ ఎందుకు పోయిందో మీకు తెల్వదా సార్?"

"కమిటీలో ఉండి నేనే రూల్ తప్పితే ఏం బాగుంటుంది చెప్పు? దినేశ్ అని కొత్తబ్బాయి వచ్చాడు. పర్మనెంటే. పిల్లల స్కూల్ దారి ఒక్కసారి చూపించి వెళ్లు."

దినేశ్ కారు బయటికి తెచ్చి పక్క సీటు తలుపు తీశాడు.

"ఎక్కు అన్నా."

నర్సింహ ఎక్కలేదు. "నీ లైసెన్స్ ఏది?"

"సార్ కాడుంది. చేరంగనే తీస్కున్నడు, భద్రంగ పెడతనని."

నర్సింహ గేటు వైపు తిరిగాడు. లోహిత్ ఇంకా అక్కడే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. నర్సింహ గేటు ముందు తుపుక్కున ఉమ్మాడు. లోహిత్ తలెత్తాడు.

"ముందు పోయి నీ కార్డు తెచ్చుకో తమ్మీ," అన్నాడు నర్సింహ, లోహిత్‌కు వినపడేలా. "దారి తర్వాత చూపిస్త."