మింగని గుక్క

పీపాల వరస ఎంత నడిచినా తరగడం లేదు, గోదాము నేల ఎప్పుడు ఇసుకగా మారిందో హైమకు తెలియదు, చెప్పుల్లోకి ఇసుక దూరుతోంది, అయినా ఇది తను పనిచేసే గోదామే, అమెరికా నుంచి తెప్పించిన బోర్బన్ విస్కీని నేరేడు వైన్ దాచిన పాత పీపాల్లో పోసి ఏడాదిపాటు ఉంచే చోటే. వరస చివర యేసోబు మేస్త్రి తిరగేసిన పీపా మీద కూర్చుని ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు. అతను పోయి నలభై రోజులైందని ఆమెకు గుర్తుంది, కానీ ఆ సంగతి ఇక్కడ ఎత్తడం మర్యాద కాదనిపిస్తుంది.

"రుచి చూడు," అని గ్లాసు చాపుతాడు. తొమ్మిదేళ్లపాటు ఆమెను మీరు అన్న మనిషి.

అరవై రెండు శాతం ఆల్కహాలున్న సరుకు, నీళ్లు కలపకుండా నోట పెడితే నాలుక మండిపోతుందని మొదటిరోజు చెప్పింది అతనే. ఇవాళ నీళ్లు ఇవ్వడు. ఆమె నోట పోసుకుంటుంది. ముందు నిప్పు, దాని వెనక ముదురు బెల్లప్పాకం, కాలిన చెక్క, ఆఖర్న నేరేడు వగరు నాలుక అంచుల్ని పట్టేస్తుంది. ఉమ్మడానికి బేసిన్ కోసం వెతుకుతుంది, అది లేదు.

"మింగు," అంటాడు.

ఆమె తల అడ్డంగా ఊపుతుంది. రోజుకి ముప్పై నమూనాలు రుచి చూసేవాళ్లు ఒక్కటీ మింగకూడదు, అది వాళ్లిద్దరూ ఏనాడూ తప్పని నియమం.

"మరి నేను మింగానని ఎలా రాశావు?"

నోట్లోది ఎటు పోయిందో, హైమకు మాట వస్తుంది. తను అలా రాయలేదంటుంది. పీపా దొర్లి మీద పడిన రోజు అతని బట్టల్లోంచి మద్యం వాసన వచ్చిందని మాత్రమే వాంగ్మూలంలో రాసింది, మేనేజరు అడిగింది ఆ ఒక్క ముక్కే, తాగి డ్యూటీకి వచ్చాడని కింద చేర్చింది వాళ్లు.

"పీపాల కింద అడ్డుచెక్కలు పుచ్చిపోయాయని నేను రెండుసార్లు మొత్తుకున్నప్పుడు పక్కనే ఉన్నావు. అది ఎవరూ అడగలేదా? అడక్కపోతే నీకు నోరు లేదా?"

గోదాము ఇప్పుడు చర్చిలా ఉంది, పీపాలు బెంచీల్లా సర్దుకున్నాయి, ముందు వరసలో అతని భార్య రాహేలు ఒకే చొక్కాను ఉతుకుతూ, పిండుతూ, మళ్లీ ఉతుకుతూ ఉంది, నీళ్లు నేరేడు రంగులో కారి హైమ పాదాల దాకా వస్తున్నాయి. హైమకూ కోపం ముంచుకొస్తుంది. చెక్కలు పుచ్చాయని తెలిసీ ఆ పీపాల కిందికి ఎందుకు దూరావని, చచ్చి నా మెడకు ఎందుకు చుట్టుకున్నావని నిలదీస్తుంది.

"ఏడో వరసలోది నమూనా కావాలన్నావు," అంటాడు యేసోబు. "సాయంత్రంలోగా కావాలన్నావు."

ఆమె కాళ్ల కింది నేరేడు నీళ్లలోంచి పక్కకు జరుగుతుంది. అతను వదలడు.

"పదింటికి విచారణ. రాహేలుని కూడా పిలిచారు. మొగుడు తాగి చచ్చాడని దాని చేత వేలిముద్ర వేయిస్తారు. నువ్వు ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తావు. అంతేగా?"

ఆమె ఏదో చెప్పబోతుంది, నోట్లో గుక్క మళ్లీ నిండిపోతుంది, మింగదు, ఉమ్మలేదు, మాటకు చోటు లేదు.

కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. నిన్న పని నుంచి వచ్చి కుర్చీ మీద పడేసిన తెల్లకోటును కూతురు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని ముక్కు మూసుకుంది.

"ఏంటమ్మా ఇది, కల్లుపాకలో దొర్లొచ్చినట్టుంది. బకెట్లో పడేస్తున్నా."

నిన్న హైమ ముప్పై నమూనాలు చూసింది. ఒక్కటీ మింగలేదు.

"తడపకు, ఇటివ్వు," అంటుంది లేచి కూర్చుంటూ. "విచారణకి అదే వేసుకెళ్తాను."