అంగుళం తగ్గిన కొండ

నాలుగింటికి కొట్టు ఆవిడ వస్తుంది. రెండున్నరకి నా కొండ విరిగింది.

మేం అల్లే ప్రతి స్వెటర్‌కీ ఛాతీ మీదుగా ఒక కొండ ఉంటుంది. మా ముందుగది కిటికీలోంచి కనిపించే కొండే. కింద సరస్సు నీలం, మధ్యలో గడ్డి పచ్చ, పైన రాతి బూడిదరంగు. ముందుభాగం నేను అల్లుతాను, వెనకభాగం నా తోడికోడలు అల్లుతుంది. రెండూ పక్కల్లో కలిపి కుడితే కొండ గీత ఎక్కడా తెగకుండా మనిషి చుట్టూ తిరగాలి. మా సరుకు గొప్పంతా అదే.

మొదటి స్వెటర్ చక్కగా కలిసింది. పిన్నులు పెట్టి చూస్తే మిగతా మూడింటిలోనూ వెనక కొండ ముందు కొండకంటే అంగుళం పైనే ఎత్తుగా నిలబడింది.

ఈ నాలుగూ నచ్చితే తన కొట్టుకి చలికాలం ఆర్డరంతా మాకే ఇస్తానంది ఆవిడ. నచ్చకపోతే నా తోడికోడలు మానేసి వచ్చిన ఆస్పత్రి కౌంటరు ఉద్యోగానికి తిరిగి వెళ్ళిపోతుంది. వస్తుందో రాదో ఐదింటికల్లా చెప్పాలని అక్కడివాళ్ళు అడిగారు. ఆమె పోతే ఈ పని మూలపడ్డట్టే. కొట్టుకి సరిపడా ఒక్కదాన్నే అల్లడం నా తరం కాదు.

అసలు మేమిద్దరం మాట్లాడుకుని పదకొండు రోజులైంది. కొండకి ఎడమవైపు చిన్న పల్లం ఉందని, నేను గీసిన బొమ్మలో అది లేదని ఆమె అంది. నాకు ఒళ్ళు మండింది. "గీసేదాన్ని నేనున్నాను. నీకు చేతులుంటే చాలు" అన్నాను. నోరు జారడమే గానీ మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. అప్పట్నుంచి ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్న మా ఇద్దరికీ మా అత్తగారే పోస్టాఫీసు.

"అత్తయ్యా, నీలం ఊలు అయిపోయిందని చెప్పండి" అనేదాన్ని.

"మూరెడు దూరంలో ఉంది, నువ్వే చెప్పి చావచ్చు కదే!" అని విసుక్కునేది ఆవిడ. చెప్పడం మాత్రం చెప్పేది.

మాటలతో పాటు ఇంకోటి కూడా ఆగిపోయింది. అంతకుముందు రోజూ పని ఆపేముందు ఇద్దరి ముక్కలూ బల్లమీద పక్కపక్కన పరిచి చూసుకునేవాళ్ళం. ఈ పదకొండు రోజులూ ఎవరి ముక్కలు వాళ్ళ అరలోనే దాచుకున్నాం.

ఇప్పుడు ఆ మూడింటినీ అత్తగారి ముందు పరిచాను. "చూశారా అత్తయ్యా? మనసు పెట్టకుండా వదులు వదులుగా అల్లి పారేసింది. వరసలన్నీ సాగిపోయాయి. కొట్టు ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చూపించను?"

తోడికోడలు కుట్టు పక్కన పెట్టి లేచింది. సొరుగులోంచి టేపు తీసి నా ముందు పెట్టి, మళ్ళీ వెళ్ళి మెడపట్టీ కుట్టుకుంటూ కూర్చుంది.

నిరూపించి తీరదామని కొలిచాను. గోడకి తగిలించిన నమూనా ముక్కలో నాలుగంగుళాలకి ఇరవై ఎనిమిది వరసలు. ఆమె ముక్కలోనూ ఇరవై ఎనిమిది. కళ్ళు నులుముకుని మళ్ళీ లెక్కపెట్టాను. అంతే. అప్పుడు నా ముక్క మీద టేపు పెట్టాను. ముప్ఫై ఒకటి.

మిగతా రెండూ చూశాను. ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు. ఆమె వదులుగా అల్లలేదు. నేనే పళ్ళు బిగబట్టి అల్లాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఎంతొచ్చిందే?" అంది అత్తగారు. కళ్ళజోడు లేకుండా ఆవిడకి టేపు మీద అంకెలు కనబడవు.

"చూస్తున్నానండీ" అన్నాను.

ఇస్త్రీపెట్టె వేడి చేశాను. తడిగుడ్డ పరిచి, ఆవిరి పట్టించి లాగితే ఊలు సాగుతుంది. ముందు ఒక ముక్కని ఉత్తినే లాగి పట్టుకుని చూశాను. కొండలు కలిశాయి.

"అత్తయ్యా, మొదటిసారి ఉతగ్గానే అది మళ్ళీ ముడుచుకుంటుందని చెప్పండి" అంది తోడికోడలు, తల ఎత్తకుండా.

"ఉతికేలోపు ఆర్డరు చేతికొస్తుందని చెప్పండి."

అత్తగారు నా వైపు అదోలా చూసింది. ఆ మాట మాత్రం అందించలేదు. ఇంతలో బెల్లు మోగింది. పట్టు వదలగానే ముక్క మళ్ళీ ముడుచుకుంది. నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

కొట్టు ఆవిడ కూర్చోనైనా కూర్చోలేదు. మొదటి స్వెటర్ పక్కలు తిప్పితిప్పి చూసి నవ్వింది. రెండోది తీసింది. నవ్వు పోయింది. మూడోది, నాలుగోది కూడా తీసింది.

"ఇవి తెగిపోయాయే! వెనకవైపు ఎవరు అల్లారు?"

"నేనేనండీ" అని లేచి నిలబడింది నా తోడికోడలు.

అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. నేను టేపు పట్టుకున్నప్పుడు నా మొహం చూసింది, ఆమెకి అంతా తెలుసు. నేను నోరు మూసుకుంటే తప్పు ఆమె నెత్తినే ఉండిపోతుంది. ఐదింటికి వస్తానని చెప్పేసి, ఆ తప్పుతోనే ఆస్పత్రికి వెళ్ళిపోతుంది. నేను టేపు తీసి కొట్టు ఆవిడ ముందు పెట్టాను.

"వెనకభాగం సరిగ్గానే ఉందండీ. తప్పు ముందుభాగానిది. అది నాది" అన్నాను. "ఇంట్లో మాటా మాటా అనుకున్నాం. ఆ కోపంలో బిగించి అల్లేశాను. కావాలంటే కొలిచి చూడండి. ఇంకోటి, ఈ కొండకి ఎడమవైపు పల్లం ఉందట. అదీ ఈమే చెప్పింది. నేనే వినలేదు."

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి కొండని చాలాసేపు చూసింది.

"ఉంది" అంది. "పన్నెండు రోజులిస్తాను. ఆ పల్లంతో సహా మూడూ కలవాలి. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాను."

మొదటి స్వెటర్ తీసుకుని వెళ్ళిపోయింది. పల్లం పక్క కుట్టు దాటి వెనక్కి వెళ్తుంది గనక వెనకభాగాలూ మళ్ళీ అల్లాలి; పన్నెండు రోజుల్లో మూడు స్వెటర్లు నా ఒక్కదాని వల్ల కావు. ఉండిపొమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఐదు కావస్తుండగా అలమార మీద ఆమె ఫోను మోగడం మొదలుపెట్టింది.

తోడికోడలు లేచింది. ఫోను దగ్గరికి కాదు, బల్ల దగ్గరికి వచ్చింది. నా ముందుభాగాల్లో ఒకటి తీసుకుని, కొస వెతికి, కత్తిరించి లాగింది. మూడు రోజుల నా కోపం బరబరా ఊడి ఆమె చేతుల్లో పోగుపడింది.

"అత్తయ్యా, చేతులు ఖాళీ లేవు. ఆ ఫోనెత్తి నేను రానని చెప్పండి" అంది.

తర్వాత ఊలు కొస నా చేతికిచ్చింది. నేను గబగబా ఉండ చుట్టసాగాను. ఆమె అది చూసి, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి నాతోనే మాట్లాడింది.

"అంత బిగించి చుట్టకక్కా."