జానెడు మందం

మా పెరట్లో గచ్చుని మెచ్చుకోని మనిషి మా ఊరు ఫాల్ రివర్‌లో లేడు. పోసి ముప్పై నాలుగేళ్లయింది. ఏటా మంచు పడుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. వీధిలో అందరి గచ్చులూ నెర్రెలిచ్చాయి. మాది మాత్రం వెంట్రుకంత బీట కూడా వారలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాని మీద మడమతో తట్టి, "ఎవరు పోశారయ్యా?" అంటాడు. చెప్పాల్సింది నేనే. హెర్మీనియు. ఆ పేరు పలికినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఎందుకు మండేదో చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. నా భార్య ఒడీలియాతో నాకంటే ముందు తిరిగినవాడు హెర్మీనియు. సిమెంటు పనివాడు. మా మామగారు ఈ ఇల్లు కొన్న ఏడాది పెరట్లో గచ్చు పొయ్యమని అతన్నే పిలిచారు. పోశాడు. పోసిన పది రోజులకి ఎవరికీ చెప్పాపెట్టకుండా కాలిఫోర్నియా పోయి అక్కడి పాల డెయిరీల్లో చేరాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. మరుసటి ఏడాది ఒడీలియా నన్ను చేసుకుంది. "అతనికి నా మీద ఏమీ లేదు, ఉంటే ఒక్క మాటైనా అనేవాడుగా" అని పెళ్లికి ముందే నాతో అంది. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ కాపురం చేశాను. అతనికి ఈమె అక్కర్లేదు, నాకు కావాలి, కాబట్టి ఈమె నాది. లెక్క అంత తేలిగ్గా ఉండేది.

రెండేళ్ల కిందట, అక్కడ చేసుకున్న భార్య పోయాక హెర్మీనియు తిరిగొచ్చి మా పక్క వీధిలో దిగాడు. ఆదివారం చర్చి మెట్ల మీద ఒడీలియాని చూసి టోపీ తీస్తాడు. ఈమె తల ఊపుతుంది. అంతే, ఇంకేం లేదు. ఏదైనా ఉంటే పోట్లాడొచ్చు, ఏమీ లేనిదానితో ఏం పోట్లాడను? పైగా శనివారం వచ్చిందంటే ఒడీలియా మోకాళ్ల మీద కూర్చుని ఆ గచ్చుని సబ్బు నీళ్లతో, బ్రష్షుతో తోముతుంది. సముద్రం అవతలి మా దీవుల నుంచి వలస వచ్చిన ఆడవాళ్లంతా వాకిళ్లు తోముతారు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా నా చొక్కా కాలరు ఆమె అంత శ్రద్ధగా ఉతకగా నేను చూడలేదు.

మే నెలలో ఒకరోజు ఇక పట్టలేక అన్నాను.

"ఈ గచ్చు తీసేసి కేల్ ఆకుకూర వేద్దాం. సూపులోకి ఎన్నాళ్లని కొనుక్కుంటాం?"

"వెయ్యి," అంది బంగాళాదుంప చెక్కు తీస్తూ.

"నీకేం అనిపించదా?"

"గచ్చు తీస్తే అనిపించేదేముంది? నడుము జాగ్రత్త."

వద్దని ఏడ్చి ఉంటే కుళ్లుకునేవాణ్ణి. ఏడవనందుకు కూడా కుళ్లుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

శనివారం పొద్దున ఆమె పండగ సూపు వండడానికి చర్చి హాలుకి వెళ్లగానే సమ్మెట పట్టుకున్నాను. నలభై ఏళ్లు బేకరీలో పిండి పిసికినవాణ్ణి, భుజాల్లో సత్తువ ఉంది. గచ్చు నడిమధ్యన దెబ్బ మీద దెబ్బ వేశాను. సమ్మెట ఎగిరి నా మీదికే వచ్చింది. గంట గడిచేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి, గచ్చు మీద నాలుగు తెల్ల మచ్చలు పడ్డాయి.

"అలా కొడితే వచ్చే పండక్కి కూడా పగలదు."

కంచె అవతల హెర్మీనియు. చప్పుడు విని వచ్చినట్టున్నాడు.

"ఇది పిండి కాదయ్యా జనువారియు, గుద్దితే లొంగడానికి. కింద నేల మోస్తున్నంత సేపూ అది నీ మాట వినదు. అంచు పక్కన తవ్వు. కింద మట్టి లాగేసి బోలు చెయ్యి. అప్పుడు కొట్టు."

"నేను నిన్నడిగానా?"

"అడగలేదు." అతను గచ్చు వంక చూశాడు. "తియ్యడం దేనికి? బాగానే ఉందిగా."

"నాకు నచ్చలేదు."

"అలాగా." కంచె మీదుగా ఇంటి తలుపు వైపు చూశాడు. "ఒడీలియా ఇంట్లో ఉందా?"

"ఉంటే నీకేం, లేకపోతే నీకేం?"

"ఏం లేదు. ఆమె వచ్చేలోపు కానిచ్చెయ్," అని తల వంచుకుని వెళ్లిపోయాడు.

అతను చెప్పినట్టు చెయ్యడం తలవంపులే. అయినా పార తీసి అంచు పక్కన తవ్వాను. కుర్చీలు వేసుకునే గచ్చు నాలుగంగుళాలు పోస్తారు. కారు నిలిపేదైతే ఆరు. మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. నాలుగంగుళాలు తవ్వాను, గచ్చు అడుగు తగల్లేదు. ఆరు తవ్వాను, తగల్లేదు. తొమ్మిది దగ్గర పార కిందికి దూరింది. అంచు ఒక్కటే మందంగా పోశాడేమో అనుకుని, బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి చూశాను. చెయ్యి అందినంత మేరా అదే మందం. సమ్మెటతో మూల పెచ్చు రాలగొడితే లోపల ఇనుప చువ్వలు అడ్డంగా నిలువుగా పేర్చి ఉన్నాయి, కలిసిన ప్రతిచోటా తీగతో ముడేసి ఉంది.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. మామగారు చెప్పింది నాలుగంగుళాలకే, సిమెంటు తెచ్చిందీ నాలుగంగుళాలకే, ఆ సంగతి ఆయనే నాతో చాలాసార్లు అన్నారు. మిగతాదంతా ఇతను సొంతంగా తెచ్చి, లోతుగా తవ్వి, ఎవరికీ కనబడకుండా పోశాడు. నాలుగు కుర్చీలు వేసుకునే చోటికి ఊరికే ఎవడూ ఇంత పని చెయ్యడు. నోటితో చెప్పడం చేతకాక ఇలా చెప్పి పోయాడు వెధవ. ముప్పై మూడేళ్లలో నేను ఆమెకి చేసింది ఏముంది? పండగ పండక్కీ తీపి రొట్టె తెచ్చాను. అదీ బేకరీలో అమ్ముడుపోగా మిగిలింది.

గబగబా మట్టి వెనక్కి తోయడం మొదలుపెట్టాను. సగం పూడ్చేసరికి ఒడీలియా సూపు గిన్నెతో గేటు దగ్గర నిలబడి ఉంది.

"తవ్వింది మళ్లీ పూడుస్తున్నావేంటి?"

"మనసు మారింది. ఉండనీలే. కేల్ కొనుక్కుందాం."

"ముప్పై ఏళ్లుగా దీన్ని చూసి పళ్లు నూరుతున్నావు. ఇవాళ మనసు మారిందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ ఆమెకి తెలుసన్నమాట. గిన్నె మెట్టు మీద పెట్టి నా చేతిలో పార లాక్కుంది.

"వద్దు ఒడీలియా."

"పక్కకి జరుగు."

మట్టి వదులుగానే ఉంది. నాలుగు పారలకే అంచు బయటపడింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని గచ్చు మందానికి జాన చాపి ఆనించింది. బొటనవేలు పైన, చిటికెనవేలు కింద. సరిగ్గా జానెడు.

"నాన్న నాలుగంగుళాలేగా చెప్పింది?"

"కొలత తప్పుంటాడు."

"హెర్మీనియు కొలత తప్పడు." తీగ ముళ్లు ఒక్కొక్కటే వేలితో తడిమింది. "లోపలంతా ఇలాగే ఉందా?"

అబద్ధం చెప్పాలనే నోరు తెరిచాను. "చెయ్యి అందినంత వరకూ," అన్నాను.

గచ్చు మీద కూర్చుండిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు నేను అంతకుముందు రెండుసార్లే చూశాను, రెండుసార్లూ చావుల దగ్గరే.

"అయితే, ఉందన్నమాట," అంది మెల్లగా.

"నన్ను చేసుకున్నందుకు ఏడుస్తున్నావా?" అని అడిగేశాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

"లేదయ్యా. ఎప్పుడూ ఏడవలేదు. ఎప్పుడడిగినా ఇదే చెప్పేదాన్ని." లేచి గౌను దులుపుకుని సూపు గిన్నె చేతిలోకి తీసుకుంది. తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది, నా వంక కాదు.

"నువ్వు తవ్వకపోయుంటే, ఈ సంగతి నాకు చచ్చేదాకా తెలిసేది కాదు."