పదమూడో మెట్టు

వాగు మీది ఇనుప వంతెనను వరద ఎత్తుకుపోయిన మూడో ఏడు అది. వంతెన ఉన్నన్నాళ్ళూ కొండ మీద ఎవరికి ఒంట్లో బాగోకపోయినా పూటలో కిందికి చేర్చేవాళ్ళు. అది పోయాక లెక్క మారింది. రెండో మజిలీకి ఎక్కే దారి నిట్టనిలువు. మనిషిని వీపున వేసుకుని దిగడానికి పనికిరాదు. అందుకని అక్కడ జబ్బుపడిన మనిషిని ముందు ఇంకా పైకి తీసుకెళ్ళి, కనుమ దాటించి, అవతలి వైపు దించాలి. రోజున్నర పని. కొండ యాత్రలు నడిపే ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. లెక్కలోకి తీసుకున్నది ఆ ఇంటి కోడలు ఒక్కతే.

ఆ పొద్దున ఆమె పెరట్లో స్లీపింగ్ బ్యాగులు ఉతుకుతోంది. పదకొండు అయ్యాయి, ఇంకా ఎనిమిది ఉన్నాయి. తడిస్తే ఒక్కోటి చంటిబిడ్డంత బరువు. వీధిలో కారు ఆగిన చప్పుడు వినగానే చేతులు తుడుచుకుని మేడ మీదికి పరిగెత్తింది. అతిథులు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె పైన ఉండాలి.

ఆఫీసు గది మేడ మీదే. ఇరవై రెండు మెట్లు. ఎవరొచ్చినా ఎక్కాల్సిందే. ఆమె టీ కప్పులు సర్దుతున్నట్టు నిలబడి చెవి కిందికి వేసి ఉంచేది. మాట ఎక్కడ తెగింది, అడుగు ఎక్కడ బరువెక్కింది, పైకొచ్చాక మొదటి మాట రావడానికి ఎంతసేపు పట్టింది. పదమూడో మెట్టు మీద ఒక పూలకుండీ పెట్టింది. అందులో మొక్క గొప్పదేమీ కాదు. ఊపిరందని మనిషి నలుగురిలో ఆగడానికి సిగ్గుపడతాడు. చూడ్డానికి ఒక మొక్క ఉంటే ఆగుతాడు.

ఆమె తండ్రి దర్జీ. కొలత తియ్యకుండా గుడ్డకు కత్తెర పెట్టకూడదనేవాడు. కొలతల చీటీ గుడ్డకు గుచ్చేవాడు, బట్ట కుట్టి ఇచ్చేశాక కూడా పారేసేవాడు కాదు, గోడ మేకుకు గుచ్చి ఉంచేవాడు. ఆమెకూ అదే అబ్బింది. అతిథి ఎంత దూరం నడవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ మజిలీ దగ్గర వెనక్కి తిరగాలి, మనిషికొక చీటీ రాసి వాళ్ళ మూటకు కట్టేది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చీటీ లేని మూటను మోసేవాళ్ళు ముట్టుకోలేదు. అది ఎవరో పెట్టిన రూలు కాదు. చీటీ ప్రకారం నడిచిన వాళ్ళంతా తమ కాళ్ళ మీద తిరిగొచ్చారు, అంతే. కింద గోడకు మాత్రం మొగుడి పేరుతో బోర్డు ఉండేది. మీ ఒంటికి తగ్గ కొండ యాత్రలు, అనుభవం గల గైడు, బాధ్యత మాది. మనిషిని చూడగానే ఎంత ఎక్కగలడో చెప్పేస్తాడని గైడుగా మొగుడికి పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన గడ్డం నిమురుకునేవాడు. ఆమె టీ పోసేది. ఒకసారి తననూ రెండో మజిలీ దాకా తీసుకెళ్ళమని అడిగింది. తను రాసే చోట్లు కళ్ళతో చూడాలని. నువ్వొస్తే ఇల్లెవరు చూస్తారన్నాడాయన. అత్తగారు పక్కగదిలోంచే, గడప దాటని కోడలు గుట్టలు కొలుస్తుందట, అని నవ్వింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ జోకు చెప్పి మళ్ళీ మళ్ళీ నవ్వింది. ఆ తర్వాత ఆమె అడగలేదు. ముసలి మోతగాడు దిగొచ్చినప్పుడల్లా దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ మలుపులో గాలి ఎలా కొడుతుందో, ఏ బండ తడిస్తే జారుతుందో చెప్పించుకునేది. అలా కొండంతా ఆమె చెవిలోకే ఎక్కింది.

ఆ రోజు వచ్చినవాళ్ళు మొగుడూపెళ్ళాలు. ఆయన పెద్ద కంట్రాక్టరు. మాట్లాడుతూనే ఇరవై రెండు మెట్లూ ఎక్కేశాడు. భార్య పదమూడో మెట్టు దగ్గర ఆగింది. మొక్క ఆకును పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. పైకొచ్చాక మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది, పెదవుల అంచు నీలంగా ఉంది. ఏమైనా ఇబ్బందా అని ఆమె అడిగితే మొగుడు జవాబు చెప్పాడు. వాళ్ళావిడకు సుకుమారం ఎక్కువట, నడిస్తే అదే సర్దుకుంటుందట. ఆమె లోపలికెళ్ళి రెండు చీటీలు రాసింది. ఆయనకు కనుమ దాకా. ఆవిడకు, మొదటి మజిలీ దాటొద్దు, అక్కడే ఉండి మూడో రోజు దిగాలి.

కంట్రాక్టరు చీటీ చదివి గైడు వైపు చూశాడు. పెళ్ళాన్ని కింద కూర్చోబెట్టి పైన ఒక్కడే ఫోటోలు దిగడానికా ఇంత దూరం వచ్చింది అన్నాడు. గైడు చీటీ తీసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"మార్చి రాయి."

"ఆవిడకు ఊపిరి అందట్లేదండీ. వంతెన కూడా లేదు."

"కొండ నేనెక్కానా, నువ్వెక్కావా?"

అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ, రెండక్షరాలు రాయడానికి ఇంత బెట్టా అంది. ఆయన గుమ్మంలో నిలబడే ఉన్నాడు. ఆయనే రాసుకోవచ్చు. ఆయన రాతకు మూటలు లేవవు, అది ఆయనకు తెలుసు. తనకు తెలుసని ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె దాచుకున్న బంగారం అదొక్కటే. రాసివ్వకపోతే ఏమవుతుందని ఆలోచించింది. నాలుగు రోజులు మూతి ముడుస్తాడు. అత్తగారు నలభై రోజులు అంటుంది. దానికి అలవాటు పడింది. అప్పుడు ఆయన వెనకనుంచి కంట్రాక్టరు భార్య వచ్చింది. ఆయన పక్కకు తప్పుకున్నాక దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అంది.

"రాసేయండి అక్కా. ఎక్కకపోతే ఏడాది పొడుగునా ఇదే మాట వినాలి నేను. అదే కష్టం నాకు."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. తన గొంతే ఎదుటి మనిషి నోట్లోంచి వచ్చినట్టయింది. రాయకూడదని చెయ్యి చెబుతూనే ఉంది. రాసింది. కనుమ దాకా, మెల్లగా, అని. మొదటి చీటీని మాత్రం చించలేదు. గోడ మేకుకు గుచ్చింది. బయటికొచ్చి మిగిలిన ఎనిమిది బ్యాగులూ ఉతికింది.

నాలుగో రోజు మూటలు ముందొచ్చాయి. మనిషి వెనకొచ్చింది, మోసేవాళ్ళ కర్రల మీద. రెండో మజిలీ దాటిన సాయంత్రమే పడిపోయిందట. కనుమ దాకా మోశారట. అవతలి వైపు దిగుతుంటే, చెప్పులు తెచ్చారా అని అడిగిందట, అదే ఆఖరి మాట. కర్ర మోసి మోసి ముసలి మోతగాడి భుజం తోలు లేచిపోయింది. ఆమె దానికి మందు రాస్తుంటే ఆయన తల ఎత్తకుండా, "చీటీ చూసే ఎత్తుకున్నాం వదినా," అన్నాడు.

పదిరోజులకు విచారణకు ఆఫీసరు వచ్చాడు. మెట్లెక్కుతూ ఎక్కడా ఆగలేదు. గైడు నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన ఆ మాట పరాయివాళ్ళ ముందు చెప్పాడు. ఎవరెంత ఎక్కాలో తేల్చేది తను కాదని, చీటీ రాసేది తన భార్యేనని, ఈసారి ఆమె అంచనా తప్పిందని. రెండో చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. అక్షరాలు ఆమెవే. అత్తగారు గుమ్మంలోంచి, ముందునుంచీ మా వాడు దీని మాటే వింటాడు బాబూ, అంది.

ఆమె ట్రే కింద పెట్టింది. పేరంతా ఆయన ఉంచుకున్నాడు, శవాన్ని తనకు వదిలాడు. ఏడుపు రాలేదు. గోడ దగ్గరికెళ్ళి మేకు నుంచి మొదటి చీటీ తీసింది. మడత విప్పి రెండో దాని పక్కన పెట్టింది. ఆఫీసరు రెండూ చదివాడు. రెండూ మీరే రాశారా అన్నాడు.

"నేనే. మొదటిది ఆవిడ ఊపిరి విని రాశాను. రెండోది ఈయన మాట విని రాశాను. రెండోది రాసిన తప్పు నాది. రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నాడు. విచారణ తేలేదాకా ఎవరినీ మొదటి మజిలీ దాటించొద్దని చెప్పి, రెండు చీటీలూ ఫైల్లో పెట్టుకుని దిగిపోయాడు. మొగుడు ఆమె వైపు చూడలేదు. ఆమె ఆయన వైపు చూసి చెప్పింది, ఇక ఎవరికీ రాయనని. చెప్పి, తాగని టీ సింకులో పారబోసింది.

మర్నాడు పొద్దున ముగ్గురు అతిథులు వచ్చారు. వాళ్ళు మెట్లెక్కుతుంటే ఆమె పైన లేదు. పెరట్లో ఉంది. గైడు లోపల కూర్చుని చాలాసేపు రాశాడు. మూడు చీటీలు తెచ్చి మూటలకు కట్టాడు. ముసలి మోతగాడు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలు అచ్చం ఆమెవి. ఒంపులు, దీర్ఘాలు, అన్నీ. అయినా ఆయన పెరటి వైపు తిరిగి, నువ్వే రాశావా వదినా అని అడిగాడు. కాదంది. ఆయన చీటీ విప్పి గైడు చేతిలో పెట్టి, వెనక్కెళ్ళి గోడవారన కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

గైడు ఒక మూట తనే వీపుకెత్తుకుని వీధి చివరిదాకా నడిచాడు. ఎవరూ వెనక రాలేదు. తిరిగొచ్చి ఆఫీసు గదికి ఎక్కుతూ, మూట దించడానికి పదమూడో మెట్టు మీద కూర్చుని, కుండీలో మొక్కను చూశాడు.