తిరగేసి కొట్టిన చెక్క

సూర్యారావు ఏడో మేకును తిన్నగా చేస్తున్నాడు. ఆఫీసు వెనక గుమ్మంలో మునికాళ్ల మీద కూర్చుని, వంకర మేకును రాయి మీద పెట్టి, రెండు వేళ్లతో పట్టుకుని సుత్తితో మెల్లిగా కొడుతున్నాడు. ఆఫీసుకి ఇంకా ఎవరూ రాలేదు. గట్టిగా కొట్టినా వినేవాళ్లు లేరు. అయినా మెల్లిగానే కొడుతున్నాడు. తిన్నగా అయిన మేకులను ఒక పాత మందుల డబ్బాలో వేస్తున్నాడు. ఆ మేకులు అతనికి తప్ప ఇంకెవరికీ అక్కరలేదు.

అతనికి అరవై రెండేళ్లు. మెడ ముందుకు వంగి ఉంటుంది. కళ్లజోడు ఒక పక్క కాడ విరిగితే అక్కడ తెల్లదారం చుట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరులో నల్లసిరా ఇంకిపోయింది. రైల్వే పార్సిలు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు మూటల మీద ఊళ్ల పేర్లు రాసిన గుర్తు అది. ఎదుటివాళ్లు మాట ముగించకముందే తల ఊపడం మొదలుపెడతాడు. వాళ్లు ఏం చెప్పబోతున్నారో తెలిసి కాదు. ఏం చెప్పినా ఊపేది అదే తల.

రాయ్‌పూర్ శంకర్‌నగర్‌లోని ఈ ఆఫీసు చెన్నకేశవులుది. సింగపూర్ నుంచి నమూనా వచ్చిన చెక్కపెట్టె ఖాళీగా పడి ఉంటే, ఇంటికి తీసుకుపొమ్మని సూర్యారావుకి చెప్పాడు. వంటింట్లో అర కొట్టించుకోవాలని భార్య అప్పలనరసమ్మ నాలుగేళ్లుగా అడుగుతోంది. ఈ పొద్దున కూడా, అతను సైకిలు బయటికి తీస్తుంటే, "ఆ సెక్కలు ఇయ్యాలైనా తెస్తారా, ఆఫీసులోనే పెట్టుకుని పూజ సేస్తారా?" అంది. అతను తల ఊపాడు.

ఎనిమిదో మేకు ఊడదీసేసరికి మూడో చెక్క చేతికి వచ్చింది. తిప్పి చూశాడు. పెట్టెకి లోపలివైపు ఉన్న ముఖం మీద చిత్రిక పట్టారు. సరిగ్గా పట్టలేదు. ఎక్కడో నీలంగా మచ్చలా ఉంది. కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి, ఆ చెక్క మీద పోసి బొటనవేలితో రుద్దాడు. తడిసిన చెక్క నల్లబడింది. నీలం పైకి తేలింది. ముందు ఒక డైమండు గుర్తు, అందులో కె అనే ఇంగ్లీషు అక్షరం, కింద ఒక ఊరి పేరులో చివరి ముక్క కనిపించాయి. సాకా.

సూర్యారావు బొటనవేలు అక్కడే ఆగింది.

చెన్నకేశవులు ఊళ్లోనే గుఢియారీ బజారులో పాతికేళ్లు కొట్టు పెట్టుకుని బియ్యం మిల్లులకు బెల్టులూ బకెట్లూ అమ్మాడు. అవి అమ్మినంతకాలం అతనొక మనిషి. మూడేళ్ల కిందట సర్కారు దిగుమతుల కట్టుబాట్లు సడలించిందని పేపర్లో చదివాక ఇంకో మనిషి అయ్యాడు. ఏం దిగుమతి చేయాలో తెలియకముందే లెటర్‌హెడ్డు అచ్చు వేయించాడు. దాని మీద భూగోళం బొమ్మ, రాయ్‌పూర్ ఉన్నచోట ఎర్రచుక్క. ఆ చుక్క దాదాపు ఒరిస్సా అంత ఉంది. ఆ తరవాత, వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్లు ఇక్కడివి తొందరగా అరిగిపోతున్నాయని దగ్గర్లోని తిల్దా ఊరి మిల్లులవాళ్లు గొణిగితే, అవే తెప్పిద్దామనుకున్నాడు.

అడ్రసుల కోసం ఢిల్లీలోని ఎంబసీలకు రాశాడు. వచ్చిన జాబితాల నుంచి నలభై ఫ్యాక్టరీలకు ఒకటే ఉత్తరం పంపాడు. కవర్ల మీద అడ్రసులు రాసింది సూర్యారావు. ఒక్క అక్షరం వంకర పోలేదు. అందుకే అతన్ని పెట్టుకున్నాడు. రైల్వే పెన్షను ఉంది కాబట్టి జీతం తక్కువిచ్చినా నోరు మెదపడని కూడా పెట్టుకున్నాడు.

పదకొండు జవాబులు వచ్చాయి. చెన్నకేశవులు వాటిని చదవకముందు వేళ్లతో నలిపి చూసేవాడు. కాగితం దళసరిగా ఉంటే మంచి కంపెనీ. ఒసాకా నుంచి వచ్చిన జవాబు పల్చటి కాగితం మీద ఒకే పేజీ ఉంది. మీ మిల్లుల్లో ఏ రకం వడ్లు ఆడిస్తారు, వడ్లలో తేమ ఎంత, మోటారు ఎంత వేగంతో తిరుగుతుంది, ఇవి చెప్తే తగిన రబ్బరు పంపుతామని రాశారు. నాలుగు నెలలు పడుతుందన్నారు. ధర తగ్గించేది లేదన్నారు. చెన్నకేశవులుకి కోపం వచ్చింది. డబ్బిచ్చి కొనేవాణ్ని పరీక్ష పెడతారా అన్నాడు. ఆ ప్రశ్నలకు జవాబు అతనికి తెలియదు. తెలుసుకోవడానికి తిల్దా వెళ్లడం నామోషీ. నమూనా మాత్రం ఒకటి పంపమని రాయించాడు.

సింగపూర్ వాళ్లు ఏమీ అడగలేదు. రంగుల పుస్తకం పంపారు, దీపావళికి కార్డు పంపారు. ఉత్తరంలో ప్రియమైన సోదరా అని రాశారు. అడిగిన ధరకి ఒప్పుకున్నారు, అడిగిన గడువుకి ఒప్పుకున్నారు. ఆ కార్డుని చెన్నకేశవులు అద్దం కింద పెట్టుకున్నాడు.

పోయిన నెల రెండు కంపెనీల నమూనా రోలర్లనీ తిల్దాలో ఒక మిల్లులో ఒకదాని తరవాత ఒకటి బిగించి ఆడించారు. రెండూ ఒకేలా ఆడాయి. రెండూ ఒకేలా అరిగాయి. మాల్ ఒకటే అయినప్పుడు ఎక్కువ పెట్టి కొనేవాడు పిచ్చివాడని చెన్నకేశవులు మిల్లు గుమ్మంలోనే తేల్చేశాడు.

సూర్యారావు లేచి, గోడకున్న మేకుకి తగిలించిన రిజిస్టరు తీశాడు. ఆఫీసుకి వచ్చే ప్రతి పెట్టె మీది గుర్తులనూ అతను అందులో రాస్తాడు. రాయమని ఎవరూ చెప్పలేదు. రాసింది ఎవరూ చూడరు. ఫిబ్రవరి తొమ్మిదో తేదీన ఒసాకా పెట్టె వచ్చింది. డైమండు గుర్తు, లోపల కె, నీలం సిరా.

పాత పెట్టెలో కొత్త సరుకు పంపితే దాని మీది పాత గుర్తులు పూర్తిగా చెరిపెయ్యాలి. పార్సిలు ఆఫీసులో మొదటి రోజు నేర్పే పాఠం అది. సింగపూర్‌వాడు పూర్తిగా చెరపడానికి బద్ధకించి, చెక్కను తిరగేసి కొట్టాడు. వాడు ఒసాకా రోలరు కొన్నాడు, దాని మీద తన కాగితం అంటించాడు, వాళ్ల పెట్టెనే విప్పి మళ్లీ బిగించి రాయ్‌పూర్ పంపాడు. తిల్దాలో ఆడిన రెండు రోలర్లూ ఒకే ఫ్యాక్టరీవి. ఒకేలా అరగక ఏం చేస్తాయి? రేపు వాడు పంపబోయేవి ఎలా ఉంటాయో ఎవరూ చూడలేదు.

ఈ సంగతి రాయ్‌పూర్ మొత్తంలో సూర్యారావుకొక్కడికే తెలుసు. ఆర్డరు ఈ రోజే వెళ్తుంది. దాని కోసం చెన్నకేశవులు గుఢియారీ కొట్టును బ్యాంకులో తాకట్టు పెట్టాడు. అది పోతే ఈ ఆఫీసూ ఉండదు, సూర్యారావు కూర్చునే స్టూలూ ఉండదు. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

అతను ఆ చెక్కను తీసుకెళ్లి, యజమాని గదికి వెళ్లే దారిలో గోడకి ఆనించాడు. గుర్తు ఇవతలికి కనబడేలా నిలబెట్టాడు. అటుగా పోయేటప్పుడు అదే చూసుకుంటారనుకున్నాడు. ఇంత మంది పనికిమాలిన వాళ్లను ఈ లోకం ఎలా మోస్తోందో అర్థం కాదు. జవాబు తెలిసి కూడా చెయ్యెత్తకుండా, పంతులుగారు తనవైపే చూడాలని పలక కొంచెం పక్కకి తిప్పి పెట్టుకునే పిల్లవాడు అరవై రెండేళ్లొచ్చినా అలాగే ఉన్నాడు.

చెన్నకేశవులు పదకొండింటికి వచ్చాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. వెంట తిల్దా మిల్లు సేఠ్ వచ్చాడు, ఒక మనిషి మిఠాయి పెట్టెలు మోసుకొచ్చాడు. పదకొండూ నలభైకి ముహూర్తం. లోపలికి వస్తూనే మంచినీళ్ల కుండ దగ్గర ఆగాడు. ఎండాకాలమని కిందటి వారమే కొన్న కుండ అది. కింద గచ్చు ఎత్తుపల్లాలుగా ఉండడంతో ఊగుతుంది. నీళ్లు ముంచుకుంటే పంచె మీద ఒలికాయి. కుండ కింద ఏదైనా పెట్టడానికి ఇంత మందిలో ఒకడికి బుర్ర లేదని విసుక్కుని చెక్క పక్కనుంచే లోపలికి వెళ్లిపోయాడు.

అప్పటికి చెక్క ఆరిపోయింది. నీలం మళ్లీ లోపలికి పోయింది. ఉట్టి చెక్కలా ఉంది.

టైపిస్టు ఊర్మిళ ఆర్డరు ఉత్తరం కొట్టి తెచ్చింది. చెన్నకేశవులు దానికి పసుపు పెట్టి సంతకం చేస్తుండగా సూర్యారావు గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"బాబుగారూ, ఆ సింగపూర్ పెట్టె..."

"ఇంటికి పట్టుకపొమ్మని చెప్పాగదయ్యా. మళ్లీ ఏంది?"

"అది కాదండి. ఆ సెక్క లోపలేపు..."

"చెక్క బాగలేదా?" చెన్నకేశవులు సేఠ్ వైపు తిరిగాడు. "దేఖా సేఠ్‌జీ? ముఫత్‌లో ఇచ్చిన చెక్కకి కూడా మా బడేబాబు క్వాలిటీ చూస్తాడు."

సేఠ్ నవ్వాడు. చెన్నకేశవులు నవ్వాడు. సూర్యారావు కూడా నవ్వాడు. ముగ్గురిలో అతనే ఎక్కువసేపు నవ్వాడు. తరవాత తన వాటా లడ్డూ తీసుకుని బయటికి వచ్చాడు.

మధ్యాహ్నం ఊర్మిళ అన్నం డబ్బా మూసి, పొద్దుటి నుంచీ ఆ చెక్కను అక్కడెందుకు నిలబెట్టారని అడిగింది. తడి ఆరాలని పెట్టానన్నాడు.

"అది ఎప్పుడో ఎండిపోయింది అంకుల్. మీరే మాటిమాటికీ లేచి చూస్తున్నారు. ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పెయ్యండి, సార్ కొరుకుతాడా ఏం?"

సూర్యారావు లడ్డూ పొట్లాన్ని దారంతో కట్టి, ముడి సరిచూసుకున్నాడు.

"నన్నెవరూ అడగలేదమ్మా," అన్నాడు.

ఊర్మిళ భుజాలు ఎగరేసి టైపు మిషన్ వైపు తిరిగింది.

మూడు గంటలకు ఉత్తరం రిజిస్టరు చేయడానికి సైకిలు మీద పెద్ద పోస్టాఫీసుకి వెళ్లాడు. కౌంటరు ముందు పదిమంది ఉన్నారు. ఎండకి ఎడమ చెయ్యి లాగుతోంది. కవరు చొక్కా జేబులో గుండెకి ఆనుకుని ఉంది. వరస మెల్లిగా కదులుతుంటే నూకరాజు గుర్తొచ్చాడు.

నూకరాజు పార్సిలు ఆఫీసులో హమాలీ. డెబ్బై ఒకటిలో ఒక ఇత్తడి సామాను మూట కనబడకుండా పోతే దొంగతనం అతని మీద పెట్టారు. ఆ మూట మీద పాత ఊరి గుర్తు చెరపకుండానే సూర్యారావు పాస్ చేశాడు. మూట ఆ పాత ఊరికే పోయి ఉంటుందని అతనికి ఆ సాయంత్రమే తెలుసు. విచారణకు వచ్చిన ఆఫీసరు హమాలీలను అడిగాడు, గుమాస్తాను అడగలేదు. మూడు నెలల తరవాత మూట చక్కగా తిరిగొచ్చింది. అప్పటికి నూకరాజు ఉద్యోగం పోయి, పెళ్లాం పిల్లలతో పలాస బండి ఎక్కేశాడు. వాళ్లు వెళ్లేరోజు సూర్యారావు స్టేషనుకి వెళ్లి, వాళ్ల సామాను మీద పేరు అందంగా రాసిపెట్టాడు. నూకరాజు అతనికి దండం పెట్టాడు. ఆ దండాన్ని కూడా తల ఊపి తీసుకున్నాడు.

"ఆగే బఢో, దాదా," అన్నాడు వెనకాల మనిషి.

కౌంటరు ఖాళీగా ఉంది. కవరును జేబులోనే ఉంచుకుని వెనక్కి తిరగవచ్చు. రేపు ఇవ్వవచ్చు. కౌంటరు మూసేశారని అబద్ధం చెప్పవచ్చు. అబద్ధం చెప్పడానికి కూడా నోరు కావాలి. సూర్యారావు కవరు తీసి, అంచులు సరిగ్గా అంటుకున్నాయో లేదో వేలితో నొక్కి చూశాడు. ఒక మూల కొంచెం లేచి ఉంది. పోస్టాఫీసు జిగురు రాసి, ఆరేదాకా గట్టిగా నొక్కి పట్టుకుని, గుమాస్తా చేతికి ఇచ్చాడు.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఐదు. రసీదును చెన్నకేశవులు బల్ల మీద పెడితే ఆయన చూడలేదు. ఫోనులో ఎవరికో లడ్డూలు పంపుతున్నానని చెప్తున్నాడు. సూర్యారావు రసీదు నంబరును రిజిస్టరులో ఎక్కించాడు. చెక్కను గోడ దగ్గర నుంచి తెచ్చి స్టూలు పక్కన పెట్టుకున్నాడు. గోడకి ఆనుకుని కూర్చుని, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఐదున్నరకి ఊర్మిళ వెళ్లిపోయింది. చెన్నకేశవులు గదిలోంచి వస్తూ, స్టూలు మీద తల వాల్చిన మనిషిని చూసి, "బడేబాబుకి లడ్డూ బాగా పనిచేసినట్టుంది," అనుకుంటూ కారెక్కాడు.

ఊడవడానికి కోటమ్మ వచ్చింది. గదులు ఊడ్చి, వరండా ఊడ్చి, స్టూలు దాకా వచ్చింది.

"బాబూ, కాళ్లు కాస్త పైకి పెట్టుకోండి."

అతను పెట్టుకోలేదు. ఆమె చీపురుతో పాదాల చుట్టూ ఊడ్చింది. మళ్లీ అడిగింది. అప్పుడు వంగి ముఖంలోకి చూసింది. చీపురును చప్పుడు కాకుండా గోడకి ఆనించి, పక్క ఆఫీసువాళ్లను పిలవడానికి వెళ్లింది.

సూర్యారావు పోయిన మూడోరోజు చెన్నకేశవులు దయతలచి, విప్పిన చెక్కలనూ మేకుల డబ్బానూ రిక్షాలో అతని ఇంటికి పంపించాడు. అప్పలనరసమ్మ వాటితో అర కొట్టించుకుంది. ఒక చెక్క తక్కువైంది. మధ్యలో ఖాళీ మిగిలింది. "దీనిక్కూడా ఒకటి తక్కువే," అంది వడ్రంగితో.

సింగపూర్‌వాళ్లు మాట తప్పలేదు. చెప్పినట్టే రెండు నెలల్లో సరుకు పంపారు. తిల్దాలో మొదటి రోలరు మూడోపూటకే గీకిన కొబ్బరి చిప్పలా తేలింది. రెండోదీ అంతే. సేఠ్ అన్నీ లారీలో వేసి శంకర్‌నగర్ ఆఫీసు ముందు దింపించి పోయాడు. సింగపూర్‌కి రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. గుఢియారీ కొట్టుకి బ్యాంకువాళ్ల తాళం పడింది. చెన్నకేశవులు వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేవాడు. నమూనా ఫస్ట్‌క్లాస్ అండీ, దగ్గరుండి ఆడించి చూశాం, లోపల ఏముందో ఎవడికి తెలుస్తుంది? చెప్పి చెప్పి గొంతు ఎండితే లేచి కుండ దగ్గరికి వెళ్లి, నిలబడే నీళ్లు ముంచుకు తాగేవాడు. కుండ ఇప్పుడు ఊగడం లేదు. స్టూలు పక్కన దొరికిన చెక్కను కోటమ్మ దాని కిందికి తోసింది. ఆమెకి చదువు రాదు. ఆ ఎండల్లో కుండ రాత్రింబవళ్లు చెమర్చి, కింద చెక్క ఎప్పుడూ తడిగానే ఉండేది. కుండ అంచుకి ఇవతల, డైమండు గుర్తూ, కె అక్షరమూ, సగం ఊరి పేరూ నీలంగా, ఆ రోజే రాసినట్టు కనిపిస్తూ ఉండేవి.