గడియ ఏ వైపు

తాళాలాయనది ఉడుంపట్టు. పట్టిన పని వదలడు. పిల్లను దత్తత తీసుకుందామని భార్య అన్నప్పుడూ అలాగే పట్టాడు. ఎవరి బిడ్డో ఏమోనని బంధువులు పెదవి విరిచారు. అన్నవాళ్లందరికీ కాఫీ ఇచ్చి మర్యాదగా సాగనంపాడు గానీ మాట మాత్రం మార్చలేదు.

అనాథాశ్రమంలో ఒక ఏడేళ్ల పిల్లను ఇద్దరూ వెళ్లి చూశారు. వస్తుంటే ఆ పిల్ల ఆయన చొక్కా జేబులో చెయ్యిపెట్టి ఒక తాళంచెవి తీసింది, కాసేపు చూసింది, మళ్లీ జేబులోనే వేసేసింది. ఆ రోజు నుంచి ఆయనకు మరో ధ్యాస లేకుండా పోయింది. ఇక మిగిలింది ఇంటి పరిశీలన ఒక్కటే. సోషల్ వర్కరు ఇల్లు చూసి, ఇద్దరితో మాట్లాడి, సరేనని రాస్తేనే పిల్ల వస్తుంది. లేకపోతే లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ, మందులూ కత్తులూ పిల్లకు అందకుండా చూసుకోమని చెప్పి వెళ్లింది. ఈయన గోరంత చెబితే కొండంత చేసే రకం. మందుల పెట్టెకు తాళం వేశాడు, కత్తుల సొరుగుకు వేశాడు, అక్కడితో ఆగాడా? చక్కెర డబ్బా ఉన్న అలమరకూ వేశాడు. టీ పెట్టుకోవాలన్నా మొగుణ్ని పిలవాల్సి వస్తోందని, ఇది ఇల్లా బ్యాంకా అని భార్య కుట్టుమిషను ముందు కూర్చుని సణిగింది. ఆయన వింటేగా.

సోషల్ వర్కరు మళ్లీ వచ్చింది. వంటింట్లో తాళాలు చూసి నవ్వింది కూడా. పిల్ల కోసం సర్దిన గది దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. తలుపుకు బయటివైపు కొత్త ఇత్తడి గడియ ఉంది.

"ఇది బయట ఎందుకు పెట్టారు?"

నిద్రలో లేచి వెళ్లి మెట్ల మీద పడుతుందేమోనని పెట్టానన్నాడు, కాస్త గొప్పగానే.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆశ్రమానికి రాకముందు ఆ పిల్లను తమ దగ్గర ఉంచుకున్నవాళ్లు పనికి పోతూ రోజూ దాన్ని గదిలో పెట్టి బయట గడియ వేసి పోయేవాళ్లట. ఈ తలుపు చూశాక తాను సరేనని రాయలేనంది.

తాళాలాయన గుండెలో రాయి పడింది. వెనకే కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, తన తెలివి మీద. భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఏడుస్తూ కూర్చుంటే అయ్యే పని కాదనుకుని ఆయన పనిసంచి తెచ్చి తలుపు ముందు చతికిలబడ్డాడు.

"వెళ్లకండి మేడమ్. ఇప్పుడే ఊడదీస్తాను."

మరలు ఊడుతుంటే ఆవిడ అడిగింది. "కోపమొచ్చి ఆ పిల్లే లోపల గడియ పెట్టుకుందనుకోండి. మీకు తెరవడం చిటికెలో పని కదా. తెరుస్తారా?"

భార్య మొగుడి వైపు చూసింది. పెళ్లయిన కొత్తలో తాను అలిగి తలుపేసుకుంటే, పిన్నీసుతో తెరుచుకుని వచ్చి పళ్లికిలించిన మనిషి ఈయన. ఏం చెబుతాడో ఏమో.

తాళాలాయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నిప్పో పొగో అయితే వేరే మాట. లేకపోతే తెరవనండి. గుమ్మం ఇవతల కూర్చుంటాను. దాని గడియ అదే తియ్యాలి."

"తియ్యకపోతే?"

"కూర్చునే ఉంటాను."

లోపలివైపు చిన్న గడియ బిగిస్తానని, ప్రమాదమొస్తే బయటి నుంచి నాణెంతో తిప్పినా తెరుచుకునే రకం ఉందని కూడా చెప్పాడు. ఎంత ఎత్తులో పెట్టాలో మాత్రం పాలుపోలేదు. ఇన్ని తలుపులు కొలిచినవాడికి పిల్ల పొడవు చూసుకోవాలని తోచలేదు.

సోషల్ వర్కరు లేచి వచ్చి తలుపు పక్కన నిలబడి, తన నడుము కంటే కాస్త పైన అరచెయ్యి ఆనించింది.

"దాని చెయ్యి ఇక్కడికి వస్తుంది. ఇక్కడ పెట్టండి. పెట్టాక చెప్పండి, సరేనని రాస్తాను."

ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు గానీ కళ్లు మసకబారి తలుపే కనపడలేదు. భార్య వచ్చి పెన్సిలు అందుకుని, ఆవిడ చెయ్యి పక్కనే గీత గీసింది.